తల లేని ఇనుప బిడ్డ

కాళహస్తికి ఆ దొడ్డిలో అన్నీ నచ్చాయి, ఒక్కటి తప్ప. అక్కడున్న బొమ్మల్లో ఒక్కదానికీ అంగాలన్నీ సరిగ్గా లేవు.

గుండ్లకమ్మ ఒడ్డున, రోడ్డు మలుపు తిరిగే చోట ఉండేది మస్తానయ్యగారి దొడ్డి. చుట్టూ కంపదడి. లోపల ఒక పక్క పాత ఇనుము కొండలా పోసి ఉండేది. ట్రాక్టరు పళ్ళచక్రాలు, పొగాకు బ్యారన్ల గొట్టాలు, చెడిపోయిన బోరు మోటార్లు, క్వారీల్లో అరిగిపోయిన గొలుసులు, తలుపు గడియలు, సైకిలు పెడళ్ళు. ఇంకో పక్క ఆ ఇనుములోంచే పుట్టిన బొమ్మలు నిలబడి ఉండేవి. ఏనుగు, గిత్త, నీళ్ళు మోసే మనిషి, బిడ్డనెత్తుకున్న తల్లి. దారిన పోయే బస్సులు అక్కడికొచ్చేసరికి కాస్త నెమ్మదించేవి.

మస్తానయ్యగారు దూదేకుల ఇంటి మనిషి. తాతలు దూది ఏకారు, ఈయన ఇనుము ఏకుతున్నాడని ఊళ్ళో వేళాకోళం చేసేవారు. ఆయనకీ ఆ మాట ఇష్టంగానే ఉండేది. తెల్లవారగానే నమాజు చేసుకుని, భుజాన పచ్చ తువ్వాలు వేసుకుని, కుప్పలోంచి చేతికందిన ముక్కనొకదాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. తిప్పి చూసేవారు, వేలితో తట్టి వినేవారు. అది బతికిన రోజుల్లో ఏం పని చేసిందో తెలిసేదాకా దాని జోలికి వెళ్ళేవారు కాదు.

శిష్యుడిగా చేరిన కాళహస్తికి కూడా మొదట అదే పని అప్పజెప్పారు.

"ఇది ఏ బొమ్మకి పనికొస్తుందని చూడకు నాయనా. ఇదేం పని చేసిందో చూడు. మిగతాది అదే చెబుతుంది."

కాళహస్తి తెలివైనవాడు. కొన్నాళ్ళకే ఏ ముక్క ఏ యంత్రంలోదో చెప్పగలిగేవాడు. అతుకు పెడితే పెట్టినచోటు కనబడేది కాదు. కానీ బొమ్మల దగ్గరికి వెళ్ళినప్పుడల్లా వాడి మనసు చివుక్కుమనేది. ఏనుగుకి ఒకటే చెవి. ఒంగోలు గిత్తకి మూపురం ఉండాల్సిన చోట బోసిగా రెండు చువ్వలు. నీళ్ళు మోసే మనిషి భుజం మీద బిందె లేదు, చెయ్యి మాత్రం పైకెత్తి పట్టుకునే ఉన్నాడు. అన్నిటికంటే వాణ్ణి బాధపెట్టేది తల్లి బొమ్మ. ఆవిడ ఎడమచేతిలో బిడ్డ పడుకుని ఉంది, కాళ్ళు ముడుచుకుని, గుప్పిళ్ళు బిగించి. ఆ బిడ్డకి తల లేదు. తల్లి మాత్రం వంగి అక్కడికే చూస్తోంది.

చూస్తోంది అనడానికి ఆవిడకీ కళ్ళు లేవు. మస్తానయ్యగారి బొమ్మలు వేటికీ కళ్ళుండవు. ఎందుకని ఎవరైనా అడిగితే, "చూడ్డానికి మీరొచ్చారుగా" అనేవారు.

చూడ్డానికి వచ్చినవాళ్ళు తలా ఒకటి చెప్పేవారు. ఒంగోలు నుంచి వచ్చిన కాలేజీ మేష్టారొకాయన తల లేని బిడ్డ ముందు చాలాసేపు నిలబడి, ఇది ఈ లోకంలో పుట్టే ప్రతి బిడ్డ గురించీ చెబుతోందన్నాడు. ఆయన భార్య, "ముసలాయనకి ఇనుము చాల్లేదేమోనండీ" అంది. గ్రానైటు లారీ డ్రైవరొకడు, ఏనుగు చెవి రాత్రిపూట ఎవడో పీక్కుపోయి ఉంటాడనీ, కాపలాకి కుక్కని పెట్టమనీ సలహా ఇచ్చిపోయాడు. మస్తానయ్యగారు అందరికీ తలూపేవారు. అందరికీ టీ ఇప్పించేవారు.

కాళహస్తి బాధకి వేరే కారణం ఉంది. వాళ్ళది నంద్యాల వైపు ఉత్సవ విగ్రహాలు పోతపోసే ఇల్లు. ఆ ఇంట్లో పిల్లలకి అక్షరాలకన్నా ముందు అంగాలు నేర్పుతారు. ఎన్ని వేళ్ళు, వేలికెన్ని కణుపులు, చెవి తమ్మె ఎక్కడిదాకా రావాలి. చిటికెనవేలు కొన విరిగిందంటే ఆ విగ్రహం పూజకి పనికిరాదు, ఏట్లో కలపాలి, లేదా కరిగించి మళ్ళీ పొయ్యాలి. వాళ్ళ తాత ఒకసారి దేవేరి కాలివేలి మీద వెంట్రుకంత చీలిక కనబడితే, ఊరేగింపు దగ్గరపడినా సరే, విగ్రహం మొత్తం కరిగించి మళ్ళీ పోశాడని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ముద్ద కరుగుతుంటే ఇంటిల్లిపాదీ తలుపుచాటున నిలబడి ఏడ్చారట. ఆయన మాత్రం కన్నార్పలేదట.

అలాంటి ఇంట్లోంచి పాత ఇనుము పనికి వెళ్తానంటే తండ్రి వైకుంఠాచారి ఒక పట్టాన ఒప్పుకోలేదు. చివరికి ఒక మాట మీద పంపాడు.

"ఉగాది వెళ్ళాక నేనొస్తా. నా కళ్ళతో చూస్తా. ఆ పని మన ఇంటికి తగిందే అయితే ఉందువుగాని. లోపమున్న పనైతే ఆ పూటే నాతో బయల్దేరాలి. మళ్ళీ ఆ దొడ్డి మాట ఎత్తకూడదు."

సరేనన్నాడు కాళహస్తి. అప్పటికి వాడింకా ఆ బొమ్మల్ని దగ్గరగా చూడలేదు.

ఉగాది రానే వచ్చింది. వాడికి అన్నం సయించేది కాదు. గురువుగారిని సూటిగా అడగడానికి నోరు రాదు. మీ పనిలో లోపముందేమిటని గురువుని అడగడమా? అందుకని ఒకరోజు తల్లి బొమ్మకి పట్టిన దుమ్ము తుడుస్తున్నట్టు తుడుస్తూ, చుట్టుతిప్పి అడిగాడు.

"అయ్యగారూ, ఈ బొమ్మ అయిపోయినట్టేనా?"

మస్తానయ్యగారు గొట్టం ఒకటి చెవి దగ్గర పెట్టుకుని వింటున్నారు.

"ఇంకా కాలేదు" అన్నారు.

"ఏనుగో?"

"అదీ అంతే."

కాళహస్తికి మనసు తేలికపడింది. అయితే ఇవి లోపాలు కావు, మిగిలిపోయిన పనులు. పెద్దవారు, చేతులు వణుకుతున్నాయి, ఎక్కి దిగలేకపోతున్నారు. శిష్యుడంటూ ఉన్నాక పూర్తిచెయ్యాల్సింది ఎవరు?

ఆ వారంలోనే మస్తానయ్యగారు వాళ్ళ పెద్దల దర్గాలో ఉరుసుకి బయల్దేరారు. పిడుగురాళ్ళ అవతల ఎక్కడో, వెళ్ళొచ్చేసరికి కొన్నాళ్ళు పడుతుంది. దొడ్డి జాగ్రత్తని చెప్పి, సంచీ భుజాన వేసుకుని బస్సెక్కారు. బస్సు మలుపు తిరిగిందో లేదో కాళహస్తి కుప్ప మీదికెక్కాడు.

ట్రాక్టరు నాగలి పళ్ళెం ఒకటి దొరికింది, ఏనుగుకి రెండో చెవి అయింది. పాత లారీ స్ప్రింగు పట్టీలు వంచి గిత్తకి మూపురం కట్టాడు. నీళ్ళ మనిషి భుజానికి బిందె ఎక్కింది. పని ఎంత చక్కగా కుదిరిందంటే, వాడే దూరంగా నిలబడి ఏది పాతో ఏది కొత్తో పోల్చుకోలేకపోయాడు.

తల్లి దగ్గరికి చివర్న వెళ్ళాడు.

కుప్ప అడుగున, నీళ్ళ ట్యాంకుల్లో తేలే రాగి బంతి ఒకటి ఉంది. గుండ్రంగా, పసిబిడ్డ తలంత. దానికి, రేకు మీద బొమ్మలు చెక్కే నకాసీ పనివాళ్ళు చేసినట్టు లోపల లక్క నింపి, బయటినుంచి చిన్న ఉలితో చెంపలు, ముక్కు, పెదవులు తీశాడు. ఇక కళ్ళు. గురువుగారి బొమ్మలకి కళ్ళుండవని వాడికి తెలుసు. కానీ ముఖం అంతా వచ్చాక చెయ్యి ఆగలేదు. స్నానం చేసొచ్చి, తూర్పుముఖంగా కూర్చుని, వాళ్ళింట్లో విగ్రహానికి కన్ను తెరిచేటప్పుడు మనసులో అనుకునే నాలుగు మాటలూ అనుకుని, రెండు కళ్ళూ తెరిచాడు.

బిడ్డ తల్లిని చూసింది. కాళహస్తి ఉలి కింద పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. లోపలి లక్క తీసేసి, ఇత్తడి కరిగించి ఆ తలని మెడకి అతికి, పూత పూసి, మెరుగు పెట్టాడు.

మస్తానయ్యగారు తిరిగొచ్చిన పొద్దుటే వైకుంఠాచారి కూడా వస్తున్నానని ఫోను చేశాడు.

గురువుగారు సంచీ దించకుండానే దొడ్డంతా ఒకసారి నడిచారు. ఏనుగు చెవిని వేలితో తట్టారు. గిత్త మూపురం మీద చెయ్యేశారు. తల్లి ముందుకొచ్చేసరికి ఆగిపోయారు. చాలాసేపు చూశారు. కాళహస్తి వెనకాలే నిలబడ్డాడు.

"కళ్ళు పెట్టావే" అన్నారాయన.

"తప్పయిందా అయ్యగారూ?"

"బాగున్నాయి. బలే ముద్దొస్తున్నాడు."

అంతే. కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు. మెచ్చుకున్నారో ఏమనుకున్నారో కాళహస్తికి అర్థం కాలేదు. కానీ ఆలోచించడానికి వ్యవధి లేదు. ఎదురుగా బస్సాగింది, తండ్రి దిగాడు.

వైకుంఠాచారి పొట్టిగా, బిగువుగా ఉండే మనిషి. పట్టీ అంచు ధోవతి, మెడలో రుద్రాక్ష. గురువుగారికి నమస్కారం పెట్టాడు. మంచినీళ్ళు ఇస్తే తీసుకోలేదు.

"ఏమనుకోకండి మస్తానయ్యగారూ. వచ్చిన పని చూసుకోకుండా నీళ్ళు ముట్టడం మా ఇంట్లో అలవాటు లేదు."

"చూడండి ఆచారిగారూ. దాచుకోడానికి ఇక్కడ గోడల్లేవు" అన్నారు మస్తానయ్యగారు.

వైకుంఠాచారి జానలు పెట్టి కొలిచి మరీ చూశాడు. ఏనుగు రెండు చెవులూ తడిమాడు. గిత్త గిట్టలు వంగి చూశాడు. ఒకచోట, "పాత ఇనుముకి ఇంత నడక ఎలా వచ్చింది" అని గొణుక్కున్నాడు. మెచ్చుకోలు ఆయన నోట అంతకన్నా గట్టిగా వచ్చేది కాదు. కాళహస్తి రెండడుగులు వెనక నడుస్తూ, ఆయన భుజాలు కాస్త కాస్తే సడలడం చూస్తున్నాడు.

తల్లి దగ్గర ఆయన ఆగాడు. ఒంగి, బిడ్డ ముఖానికి ముఖం పెట్టాడు.

"ఇదెవరు తీశారు?"

"నేనే నాన్నా."

ఆయన బొటనవేలితో ఆ రాగి కంటి కింద మెల్లగా రాశాడు. అక్కడ కింది రెప్ప కొంచెం బరువుగా ఉంది, నిద్రలేచి ఇంకా తెమలనట్టు.

"ఇది మీ తాత కన్నురా" అన్నాడు. "ఆయన పోయాక మళ్ళీ చూడలేదు. నాకు ఈ రెప్ప రాలేదు. ఎన్ని విగ్రహాలు పోశాను, ఒక్కదానికీ రాలేదు. నీకెవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు నాన్నా. దానంతటదే వచ్చింది."

వైకుంఠాచారి నిటారుగా నిలబడి, కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"ఉండు. ఇక్కడే ఉండు" అన్నాడు. అప్పుడెళ్ళి నీళ్ళు తాగాడు, రెండు గ్లాసులు.

కాళహస్తికి నేల మీద కాళ్ళు ఆనలేదు. సరిగ్గా అప్పుడే దడి తలుపు తోసుకుని ఒకామె లోపలికొచ్చింది.

ముసలామె. కంటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, అడుగు తడుముకుంటున్నట్టు నడుస్తోంది. చంకలో ఒక మూట. మస్తానయ్యగారు ఆమెను చూసి లేచి నిలబడ్డారు.

"రా కోటిరత్నం. ఎంతకాలానికి."

"బతికే ఉండావా అయ్యా? నువ్వు లేకపోతే ఎవురికియ్యాలా అని దారంతా అదే దిగులు."

"నీ బాకీ తీరకుండా ఎట్టా పోతానమ్మా. కూర్చో. కళ్ళేమయ్యాయి?"

"పొరలు కమ్మినయ్. సూదిలో దారం పోట్లా. మిషను కూడా నా మాదిరే, కదల్దు. పెద్దదేమో చాల్లే అమ్మా, ఇంక కుట్టింది చాల్లే అని తిడతా ఉంది." మూట ఒళ్ళో పెట్టుకుని చుట్టూ చూసింది. చూపు ఎక్కువ దూరం పోవడం లేదని తెలుస్తూనే ఉంది. "ఈ బాబెవురు?"

"నా దగ్గర పని నేర్చుకుంటున్నాడు."

"ఐతే ఈ బాబే పెడతాడా?"

మస్తానయ్యగారు కాళహస్తి వంక చూశారు. ఆమె కాళహస్తి వైపు తిరిగి తనే చెప్పుకుపోయింది. మాట్లాడ్డానికి మనిషి దొరికిన సంతోషం ఆ గొంతులో.

"మా ఆయన పొయ్యేనాటికి చిన్నది పాలు తాగతా ఉండె నాయనా. కుట్టు మిషను మీదే ముగ్గురం బతకాల. పెళ్ళిళ్ళ కాలం, రవికెలు గుట్టగా పడున్నయ్. అప్పుడు మిషను కింద పడి పక్కనుండే చక్రం పగిలిపొయింది. పాత రకం, ఒంగోలు పోయి అడిగినా లేదన్నారు. ఎవురో చెప్తే ఇక్కడికొచ్చినా. కుప్పంతా ఎతికినాం నేనూ అయ్యా. లేదు. ఉన్నదల్లా ఆ తల్లి చేతిలో బిడ్డకి తలకాయగా పెట్టిన చక్రం ఒకటే. అయ్య దాన్ని చూపెట్టి, ఇది సరిపోద్దేమో చూడమ్మా అన్నాడు."

కాళహస్తి కదల్లేదు.

"నేను ఒద్దంటే ఒద్దన్నా. బిడ్డ తలకాయ తీస్కపోయి నేనేం బాగుపడతానయ్యా అని ఏడ్చినా. అయ్య ఇనుకోలా. కోసి చేతిలో పెట్టినాడు. నీ బిడ్డల పని అయినాక తెచ్చి ఎక్కడిదక్కడ పెట్టమ్మా, ఈ తల్లి చూస్తా ఉంటది అన్నాడు." ఆమె మూట ముడి విప్పింది. ఎర్ర రవికె గుడ్డలో నల్లటి ఇనుప చక్రం. అంచు ఒక పక్క రంగంతా పోయి వెండిలా తెల్లగా అరిగి ఉంది. "దసరాకి దసరాకి బొట్టు పెట్టినా దీనికి. ఇద్దరి పెళ్ళిళ్ళూ అయినయ్. తెచ్చినా."

కాళహస్తి తల్లి బొమ్మ వైపు చూశాడు. అక్కడ రాగి ముఖం ఎండలో మెరుస్తోంది. ఏనుగు వైపు చూశాడు. గిత్త వైపు చూశాడు. నీళ్ళ మనిషి వైపు చూడలేకపోయాడు.

మస్తానయ్యగారు వాణ్ణి పక్కకి పిలిచారు. గొంతులో కోపం లేదు. మామూలుగా పని చెప్పినట్టే చెప్పారు.

"ఆ చోటు నిండిపోయిందని ఆమెకి చెప్పిరా."

"అయ్యగారూ..."

"పాపం చాలా దూరం నుంచి వచ్చింది. మెల్లిగా చెప్పు."

కాళహస్తి వెళ్ళి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. ఎలా మొదలుపెట్టాలో రెండు మూడు రకాలుగా అనుకున్నాడు. ఇంకోచోట పెడదామమ్మా అనొచ్చు. ఇంకో బొమ్మ చేస్తాననొచ్చు. ఇప్పుడున్న ముఖం చాలా బాగుందమ్మా, నువ్వూ ఒకసారి చూడు అనొచ్చు. నోరు తెరిచాడు.

ఆమె చక్రాన్ని తీసి వాడి రెండు చేతుల్లోనూ పెట్టింది.

"అరిగిన పక్క తల్లి వైపుకి రావాల నాయనా. అది చెంప. ఇన్నేళ్ళూ నా కాడ టకటకా టకటకా, దానికి నిద్దర్లేదు. ఇంక పొణుకుంటది."

కనిపించేదానికన్నా బరువుగా ఉంది చక్రం. ఆమె అరచెయ్యి ఆని ఆని అరిగినచోట వాడి అరచెయ్యి సరిగ్గా పట్టింది.

వాడు తెరిచిన నోరు మూసుకున్నాడు. చక్రాన్ని జాగ్రత్తగా ఆమె ఒళ్ళోనే పెట్టి, లేచి, పాకలోకి వెళ్ళి, ఇనుము కోసే రంపం పట్టుకొచ్చాడు.

"ఏం చెయ్యబోతున్నావురా?" అన్నాడు వైకుంఠాచారి.

"కొయ్యాలి నాన్నా."

"దేన్ని? ఆ ముఖాన్నా?" ఆయన అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "మతుండే మాట్లాడుతున్నావా? కన్ను తెరిచావు. తెరిచిన కన్ను మీద రంపం పెట్టడం ఏడు తరాల్లో ఎవరైనా చేశారా? అదీ ఆ కన్ను."

"లేదు నాన్నా."

"మరి?"

"ఆమెకి చెప్పడం నాకు చేతకాలేదు. మీరు చెబుతారా?"

వైకుంఠాచారి కొడుకుని ఒకసారి, గురువుని ఒకసారి చూశాడు. మస్తానయ్యగారు చిన్న మోటారొకటి ఒళ్ళో పెట్టుకుని దాని మీది తుప్పు గోకుతున్నారు. తల ఎత్తలేదు. ఆచారి విసవిసా ముసలామె దగ్గరికి నడిచాడు. చెప్పడానికే నడిచాడు. ఆ నడక చూస్తేనే తెలుస్తోంది.

అడుగుల చప్పుడు విని ఆమె తలెత్తింది.

"ఎవురయ్యా?"

"ఆ అబ్బాయి తండ్రిని."

"సల్లని చెయ్యయ్యా మీ బాబుది. దీన్ని పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు." ఆమె కాస్త జరిగింది. "ఎండలో ఎందుకు, కూకోండి."

ఆయన కూర్చోలేదు. ఆ గుడ్డలోని చక్రం వంక చూశాడు. దసరా బొట్ల కుంకుమ దాని గాడిలో ఇంకా కొంచెం ఎర్రగా ఉంది. వచ్చినంత వేగంగా వెళ్ళలేదు వెనక్కి. నెమ్మదిగా నడిచి, తల్లి బొమ్మ దగ్గరికొచ్చి, కండువా తీసి అరచేతుల్లో పరుచుకుని, ఆ రాగి ముఖం కింద రెండు చేతులూ పట్టాడు.

"రంపం వాలకుండా పట్టు" అన్నాడు కొడుకుతో. "అతుకు మీదే. చెంప మీద గీత పడిందంటే ఊరుకోను."

కాళహస్తి కోశాడు. అతుకు గట్టిగా పెట్టాడు, తొందరగా తెగలేదు. ఎంత నేర్పుగా అతికాడో అంత కష్టపడి కొయ్యాల్సి వచ్చింది. చెమట కళ్ళల్లోకి కారింది. తల పక్కకి తిప్పుకుందామంటే కుదరదు, గీత తప్పుతుంది. తండ్రి అరచేతుల మధ్యనుంచి ఆ రెండు కళ్ళూ కోత పూర్తయ్యేదాకా వాడినే చూస్తున్నాయి.

తల విడివడి కండువాలో పడింది. ఆచారి దాన్ని చప్పున గుండెకి ఆనించుకున్నాడు.

తర్వాత చక్రం పెట్టడం ఎంతోసేపు పట్టలేదు. ఇత్తడి గీకేసరికి మెడ మీద పాత గాడి బయటపడింది, చక్రం తన చోటు గుర్తున్నట్టు వెళ్ళి కూర్చుంది. అతుకు చల్లారాక కోటిరత్నాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఆమె వేళ్ళతో తడిమింది. తల్లి చెయ్యి, బిడ్డ గుప్పిళ్ళు, మెడ, ఆపైన చక్రం. అరిగిన అంచు ఎటుందో రెండుసార్లు చూసుకుంది.

"నెలకొకసారి సుక్క నూనె ఎయ్యండి" అంది. "మర్చిపోతే ఊరుకోదు, కీచుమంటది."

"ఇప్పుడు తిరగదు కదమ్మా" అన్నాడు కాళహస్తి.

"ఐనా ఎయ్యండి."

"వేస్తాను."

ఆమె రవికె గుడ్డ మడిచి బొడ్లో దోపుకుని, చేతులూపుకుంటూ వెళ్ళిపోయింది. ఖాళీ చేతులు కొత్తగా ఉన్నట్టున్నాయి ఆమెకి, వెళ్తూ వెళ్తూ రెండుసార్లు చంక తడుముకుంది.

నంద్యాల బస్సు వచ్చే వేళయింది. వైకుంఠాచారి సంచీలోంచి మడత ధోవతి తీసి, రాగి ముఖాన్ని అందులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"దీన్ని నేను తీసుకెళ్తా. కన్ను తెరిచాక దీపం లేకుండా ఉండకూడదు. ఇంట్లో తాత పటం కింద పెడతాను."

"మంచిది" అన్నారు మస్తానయ్యగారు.

కాళహస్తి తండ్రి ముఖంలోకి చూడకుండా నిలబడ్డాడు. దొడ్డిలో లోపం లేని పని ఇప్పుడు ఒకటి తగ్గింది. మిగతావాటి సంగతి కూడా ఆయన ఈపాటికి పసిగట్టే ఉంటాడు. ఒప్పుకున్న మాట ఒప్పుకున్నదే.

"నాన్నా, నన్ను కూడా బయల్దేరమంటారా?"

ఆచారి ఏనుగు వైపు చూశాడు.

"ఇంకెన్నింటికి పూడ్చావు?"

"అన్నిటికీ."

"మరి అవన్నీ ఎవరు కోస్తారు, నేనా?"

అని లేచి, మస్తానయ్యగారికి రెండు చేతులూ జోడించబోయాడు. చేతుల్లో బిడ్డ ముఖం ఉంది, ఖాళీ లేవు. తలొంచి నమస్కరించి వెళ్ళి బస్సెక్కాడు. కిటికీ పక్కన కూర్చున్నాక ధోవతి మడత కొంచెం తొలగించి, బయట గుండ్లకమ్మ కనబడేలా ఆ ముఖాన్ని తిప్పి పట్టుకోవడం కాళహస్తికి కనిపించింది.

బస్సు పోయాక వాడు రంపం తీసుకుని ఏనుగు దగ్గరికెళ్ళాడు. పళ్ళెం అంచున రంపం ఆనించి, ఆగాడు.

"అయ్యగారూ, ఏనుగు చెవి ఎవరు తీసుకెళ్ళారు?"

"రైతు. నాగలి పళ్ళెం విరిగిందని వచ్చాడు. మబ్బు పట్టి ఉంది, తొందరలో ఉన్నాడు. పేరడగలేదు."

"ఏ ఊరు?"

"అదీ అడగలేదు."

"ఎన్నేళ్ళయింది?"

"నీ వయసుంటుంది."

కాళహస్తి ఆ చెవినీ, తన చేతిలోని రంపాన్నీ చూసుకున్నాడు.

"ఇంక వస్తాడంటారా?"

"ఏమో మరి" అన్నారు మస్తానయ్యగారు, మోటారుని చెవి దగ్గర పెట్టుకుంటూ. "చోటు మాత్రం అతనిది."